నంబరు లేని వస్తువు

మా రక్త కేంద్రంలో నంబరు లేని వస్తువు ఉండేది కాదు. కుర్చీ అడుగున ఎర్ర పెయింటుతో నంబరు, గోడ గడియారం వెనక నంబరు, హాల్లో ఫైకస్ కుండీకి నంబరు. మొక్కకు లేదు. కుండీ పగిలితే, దానికి సంతకం పెట్టిన మనిషి సంజాయిషీ రాసివ్వాలి. మొక్క ఎండిపోతే అడిగేవాడు లేడు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ బాధ్యతగా ఒక మనిషి సంతకం. నా పేరు మీద రెండు కుర్చీలు, ఒక టైపు మిషను, రక్తదాతల కార్డులున్న ఇనప బీరువాలు ఉండేవి. పార్టీ రాజ్యం పోయి, వీధుల పేర్లు మారి, చౌరస్తాలో విగ్రహాన్ని తాళ్ళు కట్టి పడదోశాక కూడా ఆ ఎర్ర నంబర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

నేనూ, సవ్కా, ఇద్దరమే మా గదిలో. నా పని కార్డులు. ఫలానా రక్తం కావాలని ఆసుపత్రి నుంచి ఫోనొస్తే, సొరుగులు లాగి, దాతల పేర్లు వెతికి, ఫోన్లు చెయ్యాలి. సవ్కా ప్రోగ్రామరు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది. ఉన్నది మా దేశంలోనే చేసిన ప్రావెత్స్ కంప్యూటరు ఒక్కటి. దానిమీద ఆమె జీతాల పట్టీలు తీసేది, మిగతా వేళ నా కార్డుల వంక జాలిగా చూసేది.

ఆ ఏడు చలికాలంలో డైరెక్టరు హాజీయెవ్ డాక్టరుగారు మా గదిలోకి వచ్చాడు. ఆయన మా గదిలోకి రావడమంటే మంచికి కాదు.

"పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ ఏడాదిలోగా దాతల డేటాబేస్ కంప్యూటర్లో ఉండాలి. కంపెనీ వాళ్ళ దగ్గర కొంటే నిర్వహణ కూడా వాళ్ళే చూసుకుంటారట. అప్పుడు ఈ గది ఎందుకూ?" అన్నాడు, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు.

"కొనకుండా మేమే చేస్తే?" అంది సవ్కా.

"చేస్తే మంచిదే. గది ఉంటుంది, మీరిద్దరూ ఉంటారు. కానీ పనికొచ్చేదని కమిటీ ముందు రుజువు చెయ్యాలి."

అదీ పందెం. ఆయన వెళ్ళాక సవ్కా జోస్యం చూసేవాళ్ళలా కాఫీ కప్పు బోర్లించి, అడుగున మిగిలిన మడ్డి వంక చూసి, "ఏముందక్కా ఇందులో?" అంది. "బురద," అన్నాను.

రాజధాని సోఫియాలో ఆమెతో చదువుకున్న స్నేహితురాలు కొన్ని ఫ్లాపీలు పంపింది. ఎక్కడో విదేశీ విశ్వవిద్యాలయంలో కొందరు కలిసి రాసిన డేటాబేస్ ప్రోగ్రాం. తెరవగానే పైన నాలుగు ముక్కలున్నాయి. సవ్కా నాకు చదివి వినిపించింది: దీనిమీద మాకు ఏ హక్కూ లేదు, వదులుకున్నాం, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు, చెడిపోతే మాత్రం మమ్మల్ని అడగొద్దు.

"పిచ్చివాళ్ళా?" అన్నాను.

"మా తాత ఊరి బయట దారిపక్కన చెష్మా కట్టించాడక్కా. కొండ నీళ్ళు గొట్టంలోంచి పడుతూనే ఉంటాయి. లారీవాళ్ళు తాగుతారు, గొర్రెలు తాగుతాయి. తాత పిచ్చివాడా?"

"మీ తాత చచ్చిపోయిన తమ్ముడి పేరు రాయి మీద చెక్కించాడు కదే. వీళ్ళు అదీ చేసుకోలేదు."

ఆ చలికాలం, వసంతం అంతా మేము ఆ ప్రోగ్రాంను పరీక్షించాం. పరీక్ష అంటే సవ్కాకు ఆడబిడ్డ పెళ్ళికూతురిని చూడడం లాంటిది. ఏ లోపమూ వదలదు. నేను కార్డులన్నీ ఎక్కించాను, వేళ్ళు వాచిపోయాయి. ఆ తర్వాత నాకూ యంత్రానికీ పోటీ. సవ్కా గట్టిగా చదివేది: "ఓ నెగటివ్, రైల్వే కాలనీ వైపు ఉండేవాళ్ళు, ఎండాకాలం తర్వాత రక్తం ఇవ్వనివాళ్ళు!" నేను సొరుగులమీద పడేదాన్ని. ఆమె మీట నొక్కేది. నేను రెండో సొరుగు లాగేసరికే తెరమీద పేర్లు వరసగా నిలబడేవి. ఒక్కోసారి నేను తెచ్చిన పేరు అందులో ఉండేది కాదు. ఎవరిది తప్పో తేలేదాకా ఆమె ఇంటికి వెళ్ళేది కాదు. సగంసార్లు తప్పు నాదే.

కరెంటు కోతల కాలం. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఏది మిగులుతుంది, ఏది పోతుంది? అదే అన్నిటికన్నా పెద్ద పరీక్ష అంది. కోత వచ్చేదాకా ఆగలేక, "అక్కా, నాకు చెప్పకుండా నీ ఇష్టమొచ్చినప్పుడు ప్లగ్గు లాగెయ్," అంది. జన్మలో నాకు అంత ఇష్టమైన పని ఎవరూ అప్పగించలేదు. ఆమె కాఫీ తాగుతుంటే లాగేదాన్ని, ఫోన్లో కూతురితో మాట్లాడుతుంటే లాగేదాన్ని. మొదట్లో చివర ఎక్కించిన పేరు మాయమైపోయేది. ప్రోగ్రాం లోపలి రాత కూడా ఫ్లాపీల్లోనే ఉంది కాబట్టి ఆమె అది చదివి, సరిచేసింది. మా అక్షరాల వరస దానికి తెలియదు, అదీ నేర్పింది. ఆ మరమ్మతుల్ని మళ్ళీ ఆ విదేశీ వాళ్ళకే పోస్టులో పంపింది, వీటిమీద నాకూ హక్కు లేదని పైన రాసి.

చివరికి మాటలు మార్చింది. అది ఇంగ్లీషులో తప్ప మాట్లాడదు, మా నర్సులకు ఇంగ్లీషు రాదు. సవ్కా ప్రతి మాటా మా భాషలో రాసింది, అదీ వాళ్ళ అమ్మమ్మ మాట్లాడినట్టు. పేరు దొరక్కపోతే తెరమీద ఇలా వచ్చేది: "దొరకలేదు తల్లీ. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూడు." తేదీ తప్పు కొడితే: "ఆ రోజు పంచాంగంలో లేదు, బంగారూ." నర్సులు పని లేకపోయినా వచ్చి తప్పు పేర్లు కొట్టి నవ్వుకునేవాళ్ళు.

*

కమిటీ అంటే డాక్టరుగారూ, అకౌంటెంటు గినా. వేసవి చివర ఒక మధ్యాహ్నం కూర్చున్నారు. సవ్కా అన్నీ చేసి చూపించింది. నన్ను ప్లగ్గు కూడా లాగమంది. డాక్టరుగారు ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ వెలిగించాక ఒక్క పేరూ పోలేదు.

"బాగుంది," అన్నాడాయన. "నిజంగా బాగుంది. గినా?"

గినా కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "ధరెంత?" అంది.

"ధర లేదు. ఉచితం," అంది సవ్కా.

"ఉచితమంటే ఎంత?"

"సున్నా, గినా."

"సున్నా వస్తువును స్టాకు పుస్తకంలో ఎక్కించను. ఎక్కించకపోతే నంబరు రాదు. నంబరు లేనిది ఈ భవనంలో ఉండకూడదు. నీకు తెలియనిదా?"

"పోనీ ఒక్క లెవా అని రాయి."

"బిల్లేది? ఒక్క లెవాకు కొన్నట్టు బిల్లుండాలి. దానమైతే, దాత సంతకం ఉండాలి. దాతెవరు?"

"దాత అంటూ ఎవరూ లేరు. హక్కులు వదులుకున్నారు. అందరిదీ."

"అందరిదీ అంటే ఎవరిదీ కాదు," అంది గినా. కోపంగా కాదు. ఆమె చెడ్డది కాదు. సోషలిజం నలభై ఏళ్ళూ అందరిదీ అన్న మాట వింటూ పుస్తకాలు రాసిన మనిషి. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో ఒకటి స్టాకులోంచి మాయమవుతుందని ఆమెకు అనుభవం.

డాక్టరుగారు కిటికీలోంచి చూస్తూ, "రేపు ఇది చెడిపోతే ఎవరిని అడగాలి?" అన్నాడు.

"నన్నడగండి," అంది సవ్కా.

"నువ్వు కంపెనీ కాదు కదమ్మా."

*

సెప్టెంబరులో మా అపార్టుమెంట్లన్నీ కాల్చిన మిరపకాయల వాసన వేస్తాయి. ప్రతి బాల్కనీలోనూ కరెంటు కుంపటి, పక్కన గోనెసంచుల్లో ఎర్రటి పెద్ద మిరపకాయలు. చలికాలానికి పచ్చడి సీసాల్లో పెట్టుకోకపోతే ఆ ఇంట్లో ఆడది లేనట్టే. ఒకరికొకరు సాయం చేసుకుంటాం. ఆ ఆదివారం సవ్కా ఇంట్లో పని. తను కాలుస్తోంది, నేను తొక్క తీస్తున్నాను. ఆమె మొగుడు రంగెల్ సంచులు మోస్తున్నాడు.

రంగెల్ ఇంజనీరు. ఫ్యాక్టరీ మూతబడ్డాక చాలాకాలం ఇంట్లోనే కూర్చున్నాడు. అప్పుడు ఇల్లంతా సవ్కా జీతం మీదే నడిచింది. ఆమె ఒక్కమాట అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ గుచ్చుకుందేమో. ఈ మధ్యే బెల్చెవ్ అనే ఆయన పెట్టిన కంపెనీలో ప్రతినిధిగా చేరాడు. క్యాష్ రిజిస్టర్లు అమ్ముతారు. కొత్త తోలు జాకెట్టు కొన్నాడు. మిరపకాయలు మోసేటప్పుడు కూడా అదే వేసుకున్నాడు.

"ఏమంటోంది మీ గినా?" అని అడిగాడు.

"ధర లేదు కాబట్టి నంబరు లేదట. నంబరు లేదు కాబట్టి వస్తువే కాదట," అంది సవ్కా. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆర్నెల్లు పరీక్షించాను రంగెల్. ఎక్కడ చూసినా ఇంతకన్నా మంచిది లేదు. ఎవడైనా దీన్నే రంగు డబ్బాలో పెట్టి, పైన ఒక పేరు అచ్చేసి, ధర కట్టి తెస్తే మా డాక్టరుగారు కళ్ళకద్దుకుని కొంటాడు."

"కొంటాడా?"

"మెడలో దండేసి మరీ కొంటాడు."

నేను నవ్వాను. రంగెల్ కూడా నవ్వాడు. తర్వాత సంచి కింద పెట్టి, బాల్కనీ చివర నిలబడి సిగరెట్టు కాల్చుకుంటూ ఉండిపోయాడు.

"మిగతా సంచి ఎవడు తెస్తాడు, రాజావారూ?" అని అరిచింది సవ్కా. వినిపించుకోలేదు.

*

అక్టోబరు మొదట్లో బెల్చెవ్ వచ్చాడు. లావుపాటి మనిషి. ఎవరితోనైనా పాత స్నేహితుడిలా భుజం తడుతూ మాట్లాడతాడు. మెరిసే డబ్బా తెచ్చాడు, మీద ఎర్రని రక్తం చుక్క బొమ్మ, పక్కన "డోనార్ ప్లస్" అని బంగారు అక్షరాలు. వెనకాలే రంగెల్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తను కూడా వస్తున్నట్టు పొద్దున కాఫీ తాగుతూ కూడా చెప్పలేదని సవ్కా ముఖం చూస్తేనే తెలిసింది.

బెల్చెవ్ రక్తం గ్రూపు అడిగాడు, పేర్లు వచ్చాయి. కాలనీ అడిగాడు, వచ్చాయి. ఊరికే నమూనా కోసం ఎక్కించిన ఉత్తుత్తి పేర్లు అవి. తెర నిండా రంగులు, మధ్యలో ఒక చప్పుడు. డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది.

"నన్ను వెతకనీ," అని ఆయన తన పేరు కొట్టాడు. నమూనా పేర్లలో ఆయనెందుకుంటాడు? అసలు ఆయన జన్మలో రక్తమిచ్చిన మనిషి కూడా కాదు. అది వేరే సంగతి.

తెరమీద మెల్లగా వచ్చింది: "దొరకలేదు తల్లీ. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూడు."

డ్యూటీ నర్సు దెంకా కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. డాక్టరుగారు నిజంగానే కళ్ళజోడు తీసి తుడుచుకోబోయి ఆగిపోయాడు.

బెల్చెవ్ ఒక్కడికే ఏమైందో తెలియలేదు. ఉన్న పేర్లే వెతికాడు తప్ప, లేని పేరు వెతికి చూడాలన్న ఆలోచన అతనికి రాలేదు.

"ఆ మాట మా అమ్మమ్మది," అంది సవ్కా. గొంతు పెద్దది చెయ్యలేదు. "డాక్టరుగారూ, ఇది నేను మీకు చూపించిందే. పైన బొమ్మ అతికించారు. లోపల అంతా నాది. నాదీ కాదు, ఎవరిదీ కాదు. మా వంటింటి బల్లమీది నా ఫ్లాపీలు ఇవి."

రంగెల్ నేల వంక చూస్తున్నాడు.

"దొంగతనమంటారా?" అన్నాడు బెల్చెవ్, నవ్వు చెరగకుండానే. "ఎవరి దగ్గర దొంగిలించానో చూపించండి మేడమ్. మొదటి పేజీలోనే రాసుంది కదా, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని. మీరు చదివారు, నేనూ చదివాను. చెష్మా దగ్గర సీసా నింపుకుంటే పోలీసులొస్తారా?"

చెష్మా మాట వినగానే సవ్కా చటుక్కున మొగుడి వైపు తిరిగింది. ఆ మాట కూడా ఇంట్లోంచే వెళ్ళిందన్నమాట.

డాక్టరుగారు చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం. అంటే, సవ్కా, నువ్వు పరీక్షించి బాగుందని చెప్పింది, ఇదీ, రెండూ ఒకటే?"

"ఒకటే."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

"మరింకేం!" అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "పరీక్ష అయిపోయినట్టే కదా. మళ్ళీ వేరే పరీక్ష అక్కర్లేదు. గినా?"

"బిల్లుంది," అంది గినా. సవ్కా వంక చూడకుండా. "నంబరు వేస్తాను."

నిజం చెబితే గది దద్దరిల్లుతుందనుకున్నాం. నిజం వాళ్ళ పని సులువు చేసింది.

ఒప్పందం ప్రకారం నిర్వహణ కంపెనీది. కార్డుల గది మూసేస్తారు. కానీ నంబరున్న వస్తువుకు బాధ్యతగా సంతకం పెట్టే మనిషి కావాలి కాబట్టి ఒక ఉద్యోగం ఉంటుంది, అది సవ్కాది. రంగెల్ అడిగి ఒప్పించాడట. ఆ మాట అతనే అన్నాడు, వరండాలో, మా ఇద్దరి ముందూ.

"నీ ఉద్యోగం నేను కాపాడాను సవ్కా. లేకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు. నువ్వు దాన్ని ఊరికే ధారపోస్తున్నావు. నేను ఇంట్లోకి తెస్తున్నాను. తేడా అంతే."

"అక్క ఉద్యోగమో?"

"అక్కయ్యకు పెన్షను దగ్గరకొచ్చింది కదా," అన్నాడు, నావైపు చూసి ఒప్పుకోమన్నట్టు.

"దగ్గరకేం రాలేదు నాయనా. నువ్వు తోశావు," అన్నాను.

సవ్కా సంతకం పెట్టనంది. నేనూ వచ్చేస్తాను అంది. నేనే చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళాను. "నీ కూతురు సోఫియాలో చదువుతోంది. ఇద్దరం రోడ్డున పడితే ఎవరికి లాభం? పెట్టు." పెట్టింది. గినా ఇత్తడి బిళ్ళ మీద నంబరు గుద్ది, ఆ మెరిసే డబ్బాకు అతికించింది. సగం సవ్కాది, సగం ఎవరిదీ కాని ప్రోగ్రాంకు అలా నంబరు వచ్చింది.

వెళ్ళేముందు నా కార్డుల్ని పాత కాగితాలవాడికి ఇచ్చెయ్యమన్నారు. సవ్కా, ఆ బీరువాలకు నంబరుంది, స్టాకు పుస్తకంలోంచి కొట్టివేత ఉత్తర్వు లేకుండా, కార్డులతో సహా, బయటికి పంపకూడదు అంది. వాళ్ళ నియమం వాళ్ళకే అడ్డమొచ్చింది. నేలమాళిగలోకి దింపారు.

*

నవంబరు ఎనిమిది, దేవదూతల పండుగ. రంగెల్ అంటే దేవదూత పేరే, కాబట్టి అది అతని పేరు పండుగ. మా దగ్గర పేరు పండుగకు ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళకు బల్ల పరిచి ఉండాలి. గుర్తుండీ వెళ్ళకపోతే, ఆ ఇంటితో తెగిపోయిందని చెప్పినట్టే. ఇరవై ఏళ్ళుగా వెళుతున్నాను. ఆ ఏడు ఇంట్లో కూర్చుని కాసేపు గోడవంక చూశాను. తర్వాత చాక్లెట్ల డబ్బా కొనుక్కుని వెళ్ళాను. సవ్కాతో తెంచుకోవడానికి నాకు కారణమేం లేదు. అతన్ని కాస్త ఇబ్బంది పెట్టాలని కూడా ఉంది, దాచడమెందుకు.

రంగెలే తలుపు తీశాడు. "అక్కయ్యా! రా, రా."

"పేరుకు తగ్గట్టు బతుకు నాయనా," అని దీవించాను. ఆ దీవెన అందరూ ఇచ్చేదే. అతనికి మాత్రం ఎక్కడో తగిలింది.

బల్ల మొదట్లో బెల్చెవ్. గొర్రె మాంసం, జున్ను పొరల బనిత్సా, మేము కాల్చిన మిరపకాయల పచ్చడి, రకియా సారా. నన్ను చూసి, "ఓహో, పాత పద్ధతి వచ్చింది!" అని నవ్వాడు. "ఇదిగో, ఈమె కార్డుల రాణి! కూర్చో తల్లీ, పొయ్యండర్రా ఈవిడకి."

"పొయ్యండి. దీనికి నంబరుందో లేదో చూసి," అన్నాను. బల్ల చివర్న ఎవరో నవ్వారు.

బెల్చెవ్ గ్లాసెత్తాడు. వచ్చే ఏడాదికల్లా దక్షిణాదిలో ప్రతి రక్త కేంద్రానికీ డోనార్ ప్లస్ అమ్ముతాడట. "రంగెల్ అమ్ముతాడు, సవ్కా శనివారాలు వెళ్ళి బిగించి వస్తుంది. ఇంట్లోనే ఉచిత ప్రోగ్రామరున్నవాడికి ఏం కరువు? పెళ్ళాం కూడా అందరూ వదులుకున్న హక్కులాంటిదే కదా, రంగెల్!"

అందరూ నవ్వారు. రంగెల్ కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా. సవ్కా పచ్చడి గిన్నె నింపడానికి వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే వెళ్ళాను.

"విన్నావుగా," అంది.

"విన్నాను. నువ్వేమన్నా అంటావనుకున్నాను."

"ఆ పచ్చడి తింటున్నాడక్కా. నేను కాల్చింది. నాకు అదే కనిపిస్తోంది," అంది. సీసా మూత బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా రాలేదు. చివరికి నేను కత్తితో కొట్టి తీశాను.

అప్పుడు ఫోను మోగింది. దెంకా, డ్యూటీలో ఉంది. ఆసుపత్రిలో కాన్పుకొచ్చిన మనిషికి ఓ నెగటివ్ కావాలి, నిల్వ అయిపోయింది, దాతల కోసం యంత్రం తెరిస్తే తెర ఎర్రగా అయిపోయి "గడువు ముగిసింది, కంపెనీని సంప్రదించండి" అంటోందట. ఇంకేం నొక్కినా కదలడం లేదట.

సవ్కా ఫోను చెవిన పెట్టుకునే బల్ల దగ్గరకొచ్చింది. తీగ పొడవు చాలక తలుపు దగ్గర ఆగిపోయింది. "బెల్చెవ్ గారూ, గడువేమిటి? దానికి గడువులేవీ లేవే."

"అది తాళం," అన్నాడు బెల్చెవ్, మాంసం నములుతూనే. "ఎవరూ కాపీ కొట్టుకోకుండా మా వాళ్ళు పెట్టారు. తాళం ఫ్లాపీ వేస్తే తెరుచుకుంటుంది. అది ప్లోవ్దివ్ ఆఫీసులో ఉంది. రేపు తెప్పిస్తా."

"రేపు కాదు. ఇప్పుడు కావాలి. మనిషి రక్తం పోతోంది."

"సవ్కా," అన్నాడు రంగెల్, లేచి, తగ్గు గొంతుతో. "నువ్వు తియ్యగలవు కదా. దాని లోపల నీకు తెలియనిది ఏముంది? ఫోన్లోనే చెప్పెయ్. ఐదు నిమిషాల పని."

"లోపల నాకు తెలిసింది నేను రాసింది. తాళం నేను రాయలేదు. అదే నాది కానిది అందులో."

"అయినా ప్రయత్నించు!"

"ఉచితంగానా?" అంది సవ్కా.

రంగెల్ ముఖం ఎర్రబడింది. ఆమె అతనికేసి చూస్తూనే ఫోన్లో అంది: "దెంకా, యంత్రం వదిలెయ్. నేలమాళిగ తాళం తీసుకో. నేనూ, అక్కా వస్తున్నాం."

నేనప్పటికే కోటు వేసుకుంటున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. వీధులు ఖాళీ. తుంజా నది వంతెన మీద గాలి ముఖాన్ని కోస్తోంది. ఇద్దరం పరుగులాంటి నడకతో వెళ్ళాం. నేలమాళిగలో తడి వాసన, ఒకటే బల్బు. ఆ తడికి నా సొరుగులు అప్పుడే తుప్పు పట్టి బిగుసుకున్నాయి. కొన్నిటిని కాలితో తన్ని తెరిచాం. నేను కార్డులు తీస్తుంటే సవ్కా పేర్లు గట్టిగా చదివింది, దెంకా పై అంతస్తులోంచి ఫోన్లు చేసింది. ముగ్గురు దొరికారు. ఒకాయన పేరు పండుగ బల్ల దగ్గర్నుంచి లేచి, తాగి ఉన్నానమ్మా, నా తమ్ముణ్ణి పంపుతాను, వాడిదీ అదే రక్తం అన్నాడు. వాడే మొదట వచ్చాడు.

ఆ మనిషి బతికింది, బిడ్డ కూడా. ఆ వారం మా పట్నం పత్రికలో వార్త వచ్చింది: నూతన కంప్యూటర్ వ్యవస్థ డోనార్ ప్లస్ సకాలంలో దాతలను గుర్తించి తల్లీబిడ్డలను కాపాడిందని. డాక్టరుగారి ఫోటో వేశారు, పక్కన ఆ మెరిసే డబ్బా. బెల్చెవ్ ఆ ముక్కను కత్తిరించి మిగతా కేంద్రాలకు పంచాడని విన్నాను.

నేలమాళిగలోంచి బయటికొచ్చేటప్పుడు సవ్కా మెట్లమీద కూర్చుండిపోయింది. చేతులు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికి పోవాలి. గిన్నెలన్నీ అలాగే ఉంటాయి," అంది.

"ఉండనీ."

"ఉంటాయి అక్కా. అదే అంటున్నాను. నేను వెళ్ళేదాకా ఉంటాయి."

*

జనవరిలో రక్తమివ్వడానికి వెళ్ళాను. ఉద్యోగం పోయినంత మాత్రాన రక్తం ఇవ్వడం మానతామా. ఏడాదికి రెండుసార్లు ఇస్తూ వస్తున్నాను. కిటికీ దగ్గర దెంకా కూర్చుంది. ఇప్పుడు యంత్రం అక్కడే ఉంది, పక్కన ఆ డబ్బా, ఇత్తడి బిళ్ళతో సహా. తాళం ఫ్లాపీ దారం కట్టి మేకుకు వేలాడదీశారు.

దెంకా నా పేరు కొట్టింది. తొందరలో ఒక అక్షరం తప్పు కొట్టినట్టుంది.

తెరమీద ఒక్క ముక్క వచ్చింది: "లేదు."

నేను ఇంకా ఏదో వస్తుందని చూస్తున్నాను. రాలేదు.

"తల్లీ అనేది కదే," అన్నాను. "కళ్ళద్దాలు తుడుచుకోమనేది."

"సవ్కా అక్క తీసేసింది," అంది దెంకా, మళ్ళీ కొడుతూ. "పండుగ మర్నాడే. పొద్దున్నుంచి కూర్చుని ఒక్కొక్క మాటా తీసేసింది. మేమంతా బతిమాలాం, ఉండనివ్వక్కా, బాగుంటాయి అని. అవి బిల్లులో లేవు అంది."

"మరమ్మతులు?"

"అవి తియ్యలేదు. తీస్తే పేర్లు పోతాయట కదా కరెంటు పోయినప్పుడు."

ఈసారి నా పేరు వచ్చింది. పుట్టిన ఏడు, గ్రూపు, ఇంటి నంబరు. నేను ఎక్కించిన అక్షరాలే. లోపలి గది అద్దంలోంచి సవ్కా కనిపించింది, వీపు ఇటు పెట్టి, టెలిఫోను భుజానికి నొక్కుకుని ఎవరితోనో మాట్లాడుతోంది. ఏ ఊరి కేంద్రమో, శనివారం వస్తానంటోంది.

"ఏ చెయ్యి అక్కా?" అంది దెంకా.

ఎడమ చెయ్యి చాపాను.